లీలారాణి సంచిలో షాకు మిషను

తెల్లవారుజామున సాలూరు లారీలన్నీ మంచులో తేలుతున్నట్టుంటాయి. వాటి మధ్యనుంచి ఆస్పత్రికి నడిచిపోయే తెల్లచీర, లీలారాణి సిస్టరు. ఎడమ చేతిలో టిఫిన్ డబ్బా, కుడి చెయ్యి ఎప్పుడూ సంచిలోనే. అందులో, దారిలో ఎవడైనా మీదికొస్తే కాచుకోడానికని తమ్ముడు ఎలీషా కొనిచ్చిన షాకు మిషను ఉంటుంది. బయల్దేరే ముందు రోజూ ఒకసారి మీట నొక్కుతుంది. రెండు ఇనప మొనల మధ్య నీలం మెరుపు చిటచిటలాడుతుంటే, కలలో మిణుగురును చూసినట్టు చూస్తూ ఉండిపోతుంది. "ఒంటికి ఆనిస్తే సాలక్కా, కండలు బిగిసి పడిపోతాడు," అన్నాడు ఎలీషా, అది చేతికిచ్చిన రోజు. "గుండెజబ్బోడైతే?" అంది ఆమె. తమ్ముడు మిషను వచ్చిన అట్టపెట్టె తిప్పి చూశాడు.

జనవరిలో ఒకరోజు మంచులోంచి ఒక తాగుబోతు వచ్చి సంచి పట్టుకు లాగాడు. ఆమె మిషను అతని ఛాతీకి ఆనించి నొక్కింది. అతను కప్పుకున్న మందపాటి రగ్గు దాటి కరెంటు లోపలికి పోనే లేదు. కానీ ఆ చప్పుడుకే అతను హడలిపోయి లారీ చక్రం పక్కన కూలబడ్డాడు. పారిపోవలసిన లీలారాణి పక్కనే కూర్చుని అతని మణికట్టు పట్టుకుంది.

"ఏటైనాది సిస్టరమ్మా నాకు?"

"కదలకు. నాడి సూస్తన్నాను."

గడియారం చూస్తూ నిమిషం పొడుగునా లెక్కపెట్టింది. బాగానే ఉందని తేలాకే అతని మణికట్టు వదిలి, మిషను సంచిలో పెట్టుకుంది.