నలభై నిమిషాల పెరడు

ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. తన బండి ఏనాడూ దారిలో ఆగలేదని చెప్పుకుంటాడు. రిటైరయ్యాక ఆయనకు పట్టుకున్న దిగులల్లా ఒక్కటే. పెరట్లో గడ్డి కోయడానికి బ్యాటరీ మిషను కొనాలి, కానీ అది సగంలో ఆగిపోతే? దుకాణంలో రెండు రకాలున్నాయి. చిన్నది నలభై నిమిషాలు నడుస్తుంది, పెద్దది గంట. అందుకని నెల రోజులుగా, మనవరాలి పాత తోపుడుబండిలో మిషను బరువుకు సరిపడా ఇటుకలు పేర్చి, చేతి గడియారం చూసుకుంటూ పెరడంతా ఈ చివర నుంచి ఆ చివరకు నెడుతున్నాడు. ఒకరోజు ముప్పై ఎనిమిది నిమిషాలు పడుతుంది, మర్నాడు నలభై మూడు. ఆ తేడా ఎందుకొచ్చిందో తేలక సాయంత్రం మళ్లీ నెడతాడు. దుకాణదారు ఆయన్ని చూడగానే "రండి, ఇవాళ ఎంతొచ్చింది?" అంటాడు. అన్నం తింటున్నా ఆయన కాళ్లు బల్ల కింద క్లచ్చూ బ్రేకూ తొక్కుతూనే ఉంటాయి.

నిన్న భార్య బట్టలు ఆరేస్తూ, "ఇంతకీ ఆ మిషను దేనికండీ?" అంది.

"గడ్డి కొయ్యడానికి. ఇంకెందుకు?"

"ఏ గడ్డి?"

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. చక్రాల కింద నలిగి నలిగి పెరడంతా మట్టి తేలింది. గోడ వార మాత్రం జానెడు వెడల్పున పచ్చగా మిగిలింది. వంగి, చక్రానికి అంటిన మట్టిని గోటితో గీకాడు.

"అయితే చిన్నది సరిపోతుందే," అన్నాడు చివరికి. ఎంతసేపు పడుతుందో చూద్దామని బండిని ఆ గోడ వారకు తిప్పాడు.