మామ్మగారు గెడ పట్టిన సినిమా

డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ప్రాజెక్టు అంటే మాకు తెలిసింది ఒక్కటే. సీనియర్ల ఫైలు తెచ్చుకుని, అట్ట మార్చి, పైన మన పేరు రాసి ఇచ్చెయ్యడం. ఆ ఏడాది మా ఏలూరు కాలేజీకి కొత్తగా వచ్చిన ఇంగ్లీషు మేడమ్‌గారు ఆ దారి మూసేశారు. నలుగురేసి జట్లుగా విడిపోయి, ఒక్కో జట్టు పది నిమిషాల సినిమా తీసి చూపించాలన్నారు. ఆవిడ అంతకుముందు హైదరాబాదులో టీవీ ఛానల్లో పనిచేసి వచ్చారు. దూరపు షాటు, దగ్గరి షాటు, స్టాండు ఎలా నిలబెట్టాలి, వెలుతురు ఎటు నుంచి పడాలి అన్నవి రెండు క్లాసుల్లో బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పారు. మిగిలింది తీస్తుంటే వస్తుందన్నారు.

నేను రోజూ తాడేపల్లిగూడెం నుంచి ప్యాసింజరు బండిలో వచ్చేదాన్ని. మా జట్టులో ఇంకో అమ్మాయి కొల్లేటి లంక నుంచి వచ్చి హాస్టల్లో ఉండేది. ఇద్దరు అబ్బాయిలు. ఒకరిది ఏలూరులో బట్టల కొట్టు, ఇంకొకరిది ఆకివీడు, చేపల చెరువుల కుటుంబం. బట్టల కొట్టు అబ్బాయి వాళ్ల బాబాయికి పెళ్లి వీడియోలు తీసే స్టూడియో ఉంది. మా అదృష్టం కొద్దీ అది ఆషాఢం. ముహూర్తాల్లేక కెమెరా బీరువాలో ఖాళీగా కూర్చుంది. బాబాయిగారు దాన్ని పసిపిల్లని అందించినట్టు అందించి, వానలో తడిస్తే మాత్రం మీరు నాకు కనపడొద్దన్నారు.

కెమెరా వాళ్లది కాబట్టి బట్టల కొట్టు అబ్బాయే పట్టుకుంటాడన్నారు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకోవడం సరదా అని ఆకివీడు అబ్బాయి సౌండు తీసుకున్నాడు. లంకలో తీద్దామనుకున్నాం కాబట్టి ఆ ఊరి అమ్మాయి, నా స్నేహితురాలు నటిస్తుంది. అందరూ తీసుకోగా మిగిలింది డైరెక్షను. అది నాకొచ్చింది. క్లాసులో నేను హాజరు పలికితే రెండో బెంచీకి కూడా వినపడేది కాదు.

కథ రాసింది కూడా నేనే. లంకలో ఒక అమ్మాయికి ఏలూరులో ఉద్యోగం ఇంటర్వ్యూ. పొద్దున్నే తయారై గట్టుకొస్తుంది. పడవ రాదు. టైము దాటిపోతుంది. అమ్మాయి గట్టు మీద కూలబడి ఏడుస్తుంది, ఇంట్లో ఉన్న మామ్మ వచ్చి తల నిమురుతుంది, అయిపోయింది. చదివి వినిపిస్తే ముగ్గురికీ తెగ నచ్చేసింది. ఏడుపు ఉంటేనే గొప్ప సినిమా అని నమ్మే వయసు మాది.

మామ్మ వేషానికి నా స్నేహితురాలి సొంత మామ్మగారినే అడిగాం. ఒక ఆదివారం పెదపాడు మీదుగా బస్సులో, ఆటోలో, చివర్న దోనెలో లంక చేరేసరికి చర్చిలో ఆరాధన అయిపోయింది. మామ్మగారు తెల్లచీరలో, చేతిలో బైబిలుతో ఎదురొచ్చారు. ముందు అన్నాలు తినండి, ఆ తర్వాతే ఏదైనా అన్నారు. చేపల పులుసుతో తినేసరికి సగం వెలుతురు పోయింది. మబ్బు పట్టింది.

మొదటి షాటు. మామ్మగారు గుమ్మంలోంచి బయటికి రావాలి. నేను గొంతు సవరించుకుని "యాక్షన్" అన్నాను.

"ఏంటమ్మా? గట్టిగా చెప్పు, వినపడట్లేదు" అన్నారావిడ లోపలి నుంచి.

రెండోసారి బయటికొచ్చి, నేరుగా కెమెరా వైపు తిరిగి, ఫొటోకి నిలబడ్డట్టు నిలబడి నవ్వారు. కెమెరా అబ్బాయి, ఇటు చూడకండి మామ్మగారూ అని బతిమాలాడు. ఎదురుగా మనిషి నిలబడితే మొహం తిప్పుకుని పోవడం మర్యాద కాదని ఆవిడ ఒప్పుకోలేదు. చివరికి నేను కెమెరాకి దూరంగా పక్కన నిలబడి, ఆవిడతో కబుర్లు చెబుతూ ఉంటే, ఆ కబుర్లలో మాకు కావలసిన చూపులు తీసుకున్నాం. నటించడం రాని మనిషి చేత ఎలా నటింపజెయ్యాలో నాకు అలా తెలిసింది.

తర్వాత ఏడుపు షాటు. నా స్నేహితురాలు ఉల్లిపాయ కళ్లకి రాసుకుని గట్టు మీద కూర్చుంది. కళ్లు ఎర్రబడ్డాయి గానీ నవ్వు ఆగట్లేదు. మళ్లీ మళ్లీ తీస్తుంటే మామ్మగారు వచ్చి ఇదంతా ఎందుకని అడిగారు. నేను కథ మొత్తం చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు.

"పడవ రాకపోతే ఏడుస్తా కూర్చుంటదా? ఇంట్లో మామ్మ ఉందన్నావు కదమ్మా. ఆవిడేం చేస్తంది?"

"వచ్చి తల నిమురుతుందండి."

"నిమిరితే ఉద్యోగం వస్తదేంటి? అదిగో మన దోనె అక్కడే ఉంది. ఎక్కించుకుని తీసుకెళ్లిపోతాను."

కథ అలా కాదని చెప్పబోయాను. కానీ ఆవిడ అప్పటికే చీర చెంగు నడుముకి దోపుకుని, ఇంటి చూరుకి ఆనించిన పొడవాటి వెదురు గెడ తీసుకుంటున్నారు. పెళ్లి కాకముందు తానే దోనె నడిపేదాన్నని, మీ అబ్బాయిల్ని వెనక ఇంకో దోనెలో రమ్మని చెప్పమనీ అన్నారు. నేను మిగతా ముగ్గురి మొహాలు చూశాను. ఆ పూటంతా లేని ఉత్సాహం ఇప్పుడు వాటిలో కనపడింది. నేను రాసిన ఏడుపు అక్కడితో నీళ్లలో కలిసిపోయింది.

పక్కింటాయన నడిపిన రెండో దోనెలో మేం ముగ్గురం ఎక్కితే స్టాండు నిలవలేదు. కెమెరా అబ్బాయి గొంతుక్కూర్చుని మోకాళ్ల మీద కెమెరా ఆనించుకున్నాడు. గాలికి మైకు బుస్సుమంటుంటే ఆకివీడు అబ్బాయి తన తువ్వాలు దానికి చుట్టాడు. మామ్మగారు గెడ నీళ్లలో గుచ్చి ఒక్క తోపు తోశారు. దోనె గడ్డిదుబ్బుల మధ్య నుంచి జారుకుంటూ వెళ్లింది. నా స్నేహితురాలు సర్టిఫికెట్ల సంచీ గుండెలకి హత్తుకుని కూర్చుంది. అంతలో గూడబాతుల గుంపు ఒకటి నీళ్ల మీంచి లేచింది. పెద్ద పెద్ద రెక్కలు. కెమెరా అబ్బాయి మైమరిచి కెమెరా వాటి వెంట ఆకాశంలోకి తిప్పేశాడు.

"పక్షుల్ని కాదు, మామ్మగారిని తియ్యి" అని అరిచాను.

అవతలి గట్టు మీద బట్టలుతుకుతున్న వాళ్లు కూడా తలలెత్తి చూశారు. అంత గొంతు నాకుందని నాకే తెలియదు. ఆకివీడు అబ్బాయి హెడ్‌ఫోన్లు తీసేసి చెవులు రుద్దుకున్నాడు. మామ్మగారు మాత్రం, ఇందాకే ఇలా చెప్పాల్సింది కదమ్మా అన్నారు.

స్టూడియోలో కంప్యూటరులోకి ఎక్కించి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. కొన్ని షాట్లలో దోనె కుడి నుంచి ఎడమకి పోతోంది, కొన్నింటిలో ఎడమ నుంచి కుడికి. పక్కపక్కన పెడితే మామ్మగారు మనవరాలిని కొంతదూరం తీసుకెళ్లి, మనసు మార్చుకుని ఇంటికి తెచ్చేస్తున్నట్టుంది. బాబాయిగారు పడీపడీ నవ్వారు. పెళ్లికొడుకు ఊరేగింపు తీసేటప్పుడు మధ్యలో రోడ్డు దాటి అవతలికి వెళ్లి తియ్యకూడదని, దాటితే ఊరేగింపు వెనక్కి పోతున్నట్టు ఉంటుందని కాగితం మీద గీత గీసి చూపించారు. మేడమ్‌గారు బోర్డు మీద గీసిందీ ఇదే గీత. అప్పుడు రాసుకున్నాం, ఇప్పుడు అర్థమైంది.

తిరగబడ్డ షాట్లు మళ్లీ తియ్యడానికి పై ఆదివారం వెళ్లాం. ఆ తెల్లచీరే కట్టుకోవాలని ముందే కబురు పంపాం. మామ్మగారు అదే కట్టుకున్నారు, కాకపోతే ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయించి. సినిమాలో ఆవిడ నలిగిన చీరతో దోనె ఎక్కి, సగం దారిలో ఫెళఫెళలాడే చీరలో కనిపిస్తారు. అలాగే ఉంచేశాం.

ఎడిటింగులో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది ఒక చూపు. ఖాళీ గట్టు, రాని పడవ, ఆ వెంటనే మామ్మగారి మొహం దగ్గరగా. ఆ కళ్లలో ఎంత దిగులు, ఎంత పట్టుదల! నిజానికి ఆ క్షణంలో ఆవిడ చూస్తున్నది పొరుగింటి ఆనపపాదు మీదికి పోతున్న తమ మేకని. నేను పక్కనే ఉన్నాను కాబట్టి తెలుసు. రెండు ముక్కలు పక్కపక్కన పెడితే, ఏ ముక్కలోనూ లేని మూడోది పుడుతుందని ఆ రోజు కళ్లారా చూశాను. అదే చూపుని దోనె షాటు తర్వాత పెట్టి చూశాం, గర్వంలా కనిపించింది. సాయంత్రం దాకా అటు పెట్టి, ఇటు పెట్టి, ముగ్గురం కలిసి కెమెరా అబ్బాయి చేతిలోంచి మౌసు లాక్కుంటూ కూర్చున్నాం.

కాలేజీ సెమినార్ హాల్లో మా సినిమా వేసిన రోజు మామ్మగారు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. తెర మీద గెడ పట్టుకున్న తనని చూసి, పక్కనున్న ప్రిన్సిపాల్‌గారితో, గంజి చీర బాగుందండీ, ముందుది బాగాలేదు అన్నారు. హాలంతా నవ్వింది. మేడమ్‌గారు లైట్లు వేయించి, ఈ ముగింపు ఎవరు రాశారని నన్ను అడిగారు. నేను మామ్మగారి వైపు చూపించాను. పిల్లలు చప్పట్లు కొడుతుంటే ఆవిడ లేచి అందరికీ వందనాలు చెప్పి కూర్చున్నారు.

తర్వాతి వారం బాబాయిగారే ప్రొజెక్టరు అరువు తెచ్చి లంకలో చర్చి గోడ మీద వేయించారు. జనం వాళ్ల ఇంటి చూరు కనిపిస్తే చాలు, మాది మాది అని లేచి చూపించుకున్నారు. పక్షులు లేచే ముక్క పనికిరాదని మేం తీసేద్దామనుకుని, చివర్న పేర్ల కింద పెట్టాం. అది వచ్చేసరికి పిల్లలంతా గోడ దగ్గరికి పరుగెత్తి రెక్కలు పట్టుకోబోయారు. వాళ్ల నీడలు గూడబాతుల మధ్య ఎగిరాయి. ఇంకోసారి వెయ్యమన్నారు. వేశాం. మళ్లీ వెయ్యమన్నారు.