నాచారం మంచులో ఎవరూ దాచని డబ్బా

దయ్యాలంటే నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. ఒకవేళ ఉన్నా, ఉప్పల్ రింగు రోడ్డు ట్రాఫిక్ దాటుకుని మా ఇంటిదాకా రావడం వాటివల్ల అయ్యే పని కాదు. కాబట్టి ఇది దయ్యం కథ కాదు. నా ఫోనులో జరిగిన సంగతి.

నాకో పిచ్చి ఉంది. ఎవరో ఊళ్లో ఎక్కడో చిన్న డబ్బా దాచి, దాని జాడ ఒక యాప్‌లో పెడతారు. మనం ఫోను పట్టుకుని వెతకాలి. దొరికితే లోపలి చీటీ మీద సంతకం చేసి, డబ్బాను మళ్లీ అక్కడే పెట్టి రావాలి. అంతే, వజ్రాలేమీ ఉండవు. మా ఆవిడ చుట్టాలందరికీ నన్ను ఇలా పరిచయం చేస్తుంది: "వంటింట్ల ఉప్పు డబ్బ దొరకదు గని, ఊరోళ్ల డబ్బలన్నీ దొరుకుతయి ఈయనకు."

మొన్న చలికాలంలో ఒక పొద్దున నాచారం నుంచి అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, మీ బావ కనవడ్తలేడు. తలుపు తీసే ఉంది. స్వెటర్ గూడ ఏస్కపోలే."

బావ నాచారంలోనే ఒక ఫ్యాక్టరీలో మిషన్ మీద పనిచేసేవాడు. ఆయన తుమ్మితే సైరన్ అనుకుని చుట్టుపక్కల కంపెనీల వాళ్లు కూడా టిఫిన్ బాక్సులు తెరిచేవారు. ఇప్పుడు జ్ఞాపకం జారిపోతోంది. ఇల్లెక్కడో చెప్పలేడు, సొంత పేరుకు కూడా కాసేపు ఆలోచిస్తాడు. ఇంటి దగ్గర్లోనే లారీలు తిరిగే రోడ్డు. అక్క భయం అదే.

స్కూటర్ తీశాను. నాచారం చేరేసరికి మంచు ఎంత దట్టంగా ఉందంటే, నా స్కూటర్ ముందు చక్రం నాకు కనబడలేదు. ఉందన్న నమ్మకంతో నడిపాను. ఎక్కడో బిస్కెట్లు కాలుతున్న కమ్మని వాసన. పారిశ్రామికవాడ మొత్తం పాలల్లో నానుతున్నట్టుంది. హారన్లు కూడా దుప్పటి కింద నుంచి వస్తున్నట్టు, ఎవరి నిద్రా చెడగొట్టకుండా మోగుతున్నాయి.

నా డేటా ముందురోజే అయిపోయింది. ఇంట్లో వైఫై దాటితే నా ఫోను గుడ్డిది. డబ్బాల యాప్‌లో మాత్రం ముందే దింపుకున్న ఆఫ్‌లైన్ మ్యాపు ఉంది. సందులైనా తెలుస్తాయని అది తెరిచాను.

నాచారం డబ్బాలన్నీ నాకు ఎప్పుడో దొరికేశాయి. మ్యాపులో వాటన్నిటి మీదా దొరికిన గుర్తుగా నవ్వుముఖాలే. వాటి మధ్య ఒక కొత్త చుక్క. పేరు 'రెండో షిఫ్టు'. నొక్కితే, జాడ చెప్పేచోట ఒక్క ముక్క: "గేటు తియ్యరు. పక్కకు కూసో."

డేటా లేని ఫోనులోకి కొత్త డబ్బా రాదు. అది నాకు తెలుసు. అయినా యాప్‌లో బాణం చూపినవైపే పోయాను. స్కూటర్ నేనే నడిపానో, మంచే నన్ను మెల్లగా తోసుకుపోయిందో చెప్పలేను.

బాణం ఆగినచోట ఒక పాత ప్రహరీ గోడ ముక్క. బావ పనిచేసిన ఫ్యాక్టరీని కూల్చేశాక మిగిలింది అదొక్కటే. దాని పక్కన బావ, బనీనుతో, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఏం బావా, గీడ గూసున్నవేంది?"

"షిఫ్టుకొచ్చిన. గాయన జెప్పిండు, గేటు తియ్యరు, పక్కకు కూసో, మీ బామ్మర్ది వస్తుండని."

"ఎవరు జెప్పిండు?"

బావ మంచులోకి చూపించాడు. "గిప్పుడే పోయిండు. నీకెదురు రాలే?" తర్వాత నా వైపు ఎగాదిగా చూశాడు. "స్కూటర్ మీద గూడ గింత లేటారా?"

నాకెవరూ ఎదురు రాలేదు. ఫోనులో చదివిన ఆ మాటల్ని నేను అప్పటిదాకా పైకి అననేలేదు.

నా మఫ్లర్ ఆయన మెడకు చుట్టి ఇంటికి తెచ్చాను. అక్క తిట్టలేదు, ఆయన చేతులు రుద్దుతూ కూర్చుంది. అక్కడి వైఫై కలిపి మళ్లీ చూస్తే, ఆ చుక్క లేదు.

కొన్నాళ్లకు యాప్ వాళ్లు ఆఫ్‌లైన్ సదుపాయాల మీద అభిప్రాయం అడిగారు. జరిగింది రాశాను. నా జీవితంలో ఏదీ పెంచకుండా రాసిన సంగతి అదొక్కటే. జవాబు మర్యాదగా వచ్చింది: ఆ పేరుతో, ఆ చోట ఎన్నడూ డబ్బా లేదు, దింపుకోనిది ఆఫ్‌లైన్‌లో కనబడిందంటే అది లోపమే, రాబోయే అప్‌డేట్‌లో సరిచేస్తాం.

లోపమైతే కావచ్చు. ఆ లోపానికి నేను బావ బామ్మర్దినని ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ అంతుచిక్కలేదు.

బావ ఇప్పుడు కూడా ఒక్కో పొద్దున తలుపు గడియ మీద చెయ్యి వేస్తున్నాడని అక్క చెబుతోంది. అప్‌డేట్ వచ్చి చాలా రోజులైంది. యాప్ తెరిచినప్పుడల్లా చేసుకోమని అడుగుతుంది. నేను చేసుకోవడం లేదు.