ఎంకయ్య సేటు మొహం

తాండూరు స్టేషన్ దారిలో ఒకప్పుడు ఒక బోర్డు మనుషులను తిట్టేది. నలుగురు కూలీలను ఊరి పొలిమేర దాకా తరిమింది కూడా. కాన్వెంటులో అబద్ధమాడితే సిస్టర్లు మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. నా మోకాళ్ళకు ఆ సంగతి ఇంకా గుర్తుంది కనుక కొంచెం తగ్గిస్తాను. బోర్డు నోరు తెరవలేదు, ఎవరినీ తరమనూ లేదు. కానీ దాని ముందు నుంచి వెళ్ళే కూలీలు అడుగు త్వరగా వేసేవారన్నది మాత్రం నిజం.

దాన్ని గీసినవాడు నా స్నేహితుడు మొహియుద్దీన్. హైదరాబాదులో బొమ్మల కాలేజీలో చదువుతుండగా అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి కాలేజీలు మూతపడ్డాయి. తాండూరుకు తిరిగొచ్చినవాడు మళ్ళీ పోలేదు, దుకాణాలకు బోర్డులు రాసుకుంటూ ఉండిపోయాడు. బండల వ్యాపారి ఎంకయ్య తన మొహం పెద్దగా వేయమని అడిగాడు. కళ్ళకు కనిపించిందే గీయాలని కాలేజీలో నేర్పారు. కనిపించినవి ముడిపడిన కనుబొమ్మలు, బిగిసిన దవడ. అవే గీశాడు.

మరునాటి నుంచి బండలు చెక్కేవాళ్ళు బోర్డుకు దండం పెట్టి మరీ లోపలికి వెళ్ళసాగారు.

"సేటూ, గా బోర్డుతోని తిట్లు తినే వస్తున్నం. ఇగ నువ్వు తిట్టకు," అన్నాడు నర్సప్ప అనే పనివాడు. అందరూ పగలబడి నవ్వారు.

ఎంకయ్య ఆ పూటే బోర్డుకు గోనెసంచి కప్పించాడు. ఆ సంచి చూసి మొహియుద్దీన్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు. తన పనితనం చూపించుకోవడానికి ఒక మనిషిని నడిబజార్లో నవ్వులపాలు చేశాడు.

"మళ్ల గీస్త సేటూ. జర నవ్వు, చూసి గీస్త."

"నవ్వొస్తే నేను నవ్వనా? నాకు రాదయ్యా," అన్నాడు ఎంకయ్య.

ఆ నవ్వు కోసం మొహియుద్దీన్ రోజూ పొద్దున వెళ్ళి బండల మధ్య కూర్చునేవాడు. ఎంకయ్య ప్రతి బండనూ వేలి కణుపుతో కొట్టి చూసేవాడు. మంచిదైతే ఖణేల్‌మంటుంది, లోపల చీలిక ఉంటే మొద్దుగా పలుకుతుంది. మొద్దుగా పలికిందా, దాన్ని చెక్కినవాడికి అందరి ముందూ తిట్లే. అందుకే పనివాళ్ళు పగిలినవాటిని అడుగున దాచేవారు.

"అందరి ముందట బండ కొట్టకు సేటూ. పక్కకు పిలువు, వాన్నే కొట్టి చూసుకోమను," అన్నాడు మొహియుద్దీన్.

బోర్డు బాగుపడాలన్న ఆశతో ఎంకయ్య ఒప్పుకున్నాడు. కొన్నాళ్ళకు నర్సప్ప తానే చీలిన బండ ఒకటి మోసుకొచ్చి, "గిది చెడిపోయింది సేటూ," అన్నాడు. అప్పుడు ఎంకయ్య నవ్వాడు. మొహియుద్దీన్ కుంచె అందుకున్నాడు.

కొత్త బోర్డునూ, ఎంకయ్య దగ్గర మారిన పని తీరునూ చూసి మిగతా సేట్లు మొహియుద్దీన్‌ను పిలిచారు, రంగుల కోసం కాదు, సలహా కోసం. అలా కుంచె పక్కకు పోయింది. ఎనభై నాలుగు నాటికి వికారాబాదులో ఒక హాలు తీసుకుని వ్యాపారులకు, సంఘాల అధ్యక్షులకు పాఠాలు చెప్పేవాడు. నలుగురితో పని చేయించడం ఎట్లా అన్నదే పాఠం. మొదలుపెట్టడం మాత్రం ఎప్పుడూ గోనెసంచి కప్పుకున్న సేటు కథతోనే. పేరు చెప్పేవాడు కాదు గాని, కనుబొమ్మలు ముడిచి దవడ బిగించి అచ్చం అలాగే చేసి చూపేవాడు. హాలంతా నవ్వేది. నేనూ నవ్వాను.

ఒకరోజు ఆ నవ్వు మధ్యలో చివరి వరుస నుంచి ఎంకయ్య లేచాడు. స్నేహితుడి పాఠం విందామని చెప్పకుండా వచ్చాడట. ముందుకు నడిచి, బల్ల మీద వేలి కణుపుతో ఒకసారి కొట్టాడు.

"మొద్దుగా పలుకుతుంది మాస్టర్ సాబ్," అన్నాడు మెల్లగా. "నాకు నువ్వే చెప్పినవ్, పక్కకు పిలువుమని."

మొహియుద్దీన్ చేతిలో సుద్దముక్క నలిగిపోయింది. ఒకే మనిషిని రెండోసారి బజార్లో నిలబెట్టాడు, అదీ తాను నేర్పిన పాఠం పేరుతోనే. క్లాసు అక్కడితో ఆపేశాడు. తాండూరు పాసింజర్లో ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు, నేను ఎదుటి బెంచీ మీద. తాండూరులో దిగాం.

"మాఫ్ చెయ్యి సేటూ. ఇగ గా ముచ్చట నా నోట రాదు," అన్నాడు మొహియుద్దీన్ ప్లాట్‌ఫారం మీద.

"చాయ్ తాగుదాం పా," అన్నాడు ఎంకయ్య.

ఇదంతా రాసి మొన్న మొహియుద్దీన్‌కు చదివి వినిపించాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పచ్చి అబద్ధం అన్నా. గసొంటి బోర్డు నేనెన్నడు గియ్యలే. ఎంకయ్య సేటు పుట్టినకాన్నుంచి నవ్వుమొకమే. ఎవ్వలనన్న అడుగు."