ఏడో హద్దురాయి

వాగొడ్డు మైసమ్మ జేసీబీని ఆపిందని మా మౌలాలి వైపు ఎవరినడిగినా చెప్తారు. బకెట్ గాల్లోనే బిగుసుకుపోయిందట, డ్రైవర్ రక్తం కక్కుకున్నాడట. అన్నీ అబద్ధాలు. అక్కడ మైసమ్మ లేదు. ఉన్నది ఏడో నంబరు హద్దురాయి. దగ్గరుండి పాతించినదాన్ని నేను. డ్రైవర్ ఏమీ కక్కలేదు, టీ తాగుతున్నాడు.

దయ్యాలను, దేవతలను నేనెప్పుడూ నమ్మలేదు. సికింద్రాబాద్‌లో డిగ్రీ చదివే రోజుల నుంచీ ఈ విషయంలో ఇంట్లో అందరితో పోట్లాడుతూనే ఉన్నాను. కాబట్టి చూసింది చూసినట్టే రాస్తున్నాను.

మూసీలో కలిసే ఆ వాగు పక్కన కొంత ప్రభుత్వ స్థలం మిగిలింది. దాన్ని కూడా ఎవరూ మట్టి పోసి మింగేయకుండా మా కాలనీవాళ్ళం ఆదివారాలు పోగై చెత్త ఏరాం, తుమ్మకంప కొట్టాం, కానుగ మొక్కలు నాటి నడకదారి వేసుకున్నాం. పిల్లలు సైకిళ్ళు తొక్కేవారు. సర్వే చేయించి ఏడు రాళ్ళు పాతించాం. వారం తిరగకుండా రెండు మాయమయ్యాయి. మళ్ళీ పాతించాం.

అప్పుడు పక్క వీధిలో ఉండే మా అక్క పసుపు, కుంకుమ గిన్నెలు తెచ్చి రాళ్ళన్నిటికీ బొట్లు పెట్టింది. బొట్టు పెట్టిన రాయిని మన దగ్గర ఎవడూ పీకడు. నిజంగానే ఎవడూ పీకలేదు.

నాకు ఒళ్ళు మండింది. "రేపు ఈడ గుడి లేస్తది. అప్పుడు నడిచే జాగ ఏడుంటది అక్కా?"

"లేస్తే లేవనీ. నీ సర్వే కాయితం జూసి ఆగినోడు ఒక్కడన్న ఉన్నడా?"

మాటా మాటా పెరిగింది. ఏడో రాయి బొట్టును కొంగుతో తుడిచేశాను.

"తుడిచినవ్ గదా. ఇగ దాని పక్కన నువ్వే కూసో కావలి," అని గిన్నెలు తీసుకుని వెళ్ళిపోయింది.

నాలుగు రోజులకు గుండెనొప్పితో ఆస్పత్రిలో చేరింది. రెండు రోజులు పక్కనే కూర్చున్నాను. నర్సును పెళ్ళయిందా అని అడిగింది, పక్క మంచం ఆవిడకు కషాయం ఎట్లా కాయాలో చెప్పింది, నాతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. ముందు ఆమే పలకాలని నేనూ పంతం పట్టాను. మూడో రోజు తెల్లవారేసరికి పోయింది.

దినాలు ముగిసిన మర్నాడు పొద్దున ఏడున్నరకు వాగు దగ్గరికి వెళ్ళాను. ఒక చివర కానుగ మొక్కలు నలిగిపోయి ఉన్నాయి. ఏడో రాయికి నాలుగడుగుల దూరంలో జేసీబీ ఆగి ఉంది. డ్రైవర్‌ను నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

"మేడం, ఆ పెద్దమ్మ చెల్లె మీరేనా?" అన్నాడు.

"ఏ పెద్దమ్మ?"

"గీ రాయికి ఆనుకొని కూసుంది. లెవ్వమంటే లేస్తలేదు. 'మా చెల్లె వస్తది, దానితోని మాట్లాడు. అది నోరు తెరిస్తే నీ బండి సుత ఉరుకుతది' అంటది. నవ్వొచ్చింది. సరే అని బండి బంద్ జేసిన. ఇప్పుడే గట్టెంబడి పోయింది."

గట్టు తిన్నగా ఉంటుంది, చివరిదాకా కనిపిస్తుంది. ఎవరూ లేరు.

రాయి వైపు చూశాను. నేను తుడిచేసిన చోట బొట్టు ఉంది. తాకితే పసుపు తడిగా వేలికి అంటింది. చిన్నప్పుడు నాకు మామిడికాయ కోసిస్తుంటే కత్తిపీటకు తెగి అక్క ఉంగరపు వేలు కొస పోయింది. అందుకే ఆమె పెట్టే బొట్టు ఏనాడూ గుండ్రంగా రాదు, కింద కోసేసినట్టు ఉంటుంది. ఇది కూడా అట్లాగే ఉంది.

రాయి పక్కన కూర్చుండిపోయాను. కాలనీవాళ్ళు వచ్చినా లేవలేదు. మధ్యాహ్నం సర్వేయర్ వచ్చి కొలిచి ప్రభుత్వ స్థలమేనని తేల్చాక బండి వెళ్ళిపోయింది. దారి మిగిలింది. ఇప్పుడక్కడ ఎర్రజెండా కట్టి కొబ్బరికాయలు కొడుతున్నారు. నేను వద్దనడం లేదు.

డ్రైవర్‌కు ఎవరో మా అక్కచెల్లెళ్ళ సంగతి చెప్పి ఉంటారంటారు మా ఆయన. చెప్పారే అనుకుందాం. మరి ఆ బొట్టు? ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

దానికంటే నన్ను తినేది ఇంకొకటి ఉంది. 'మా చెల్లె వస్తది' అని ముక్కూమొహం తెలియని డ్రైవర్‌కు చెప్పావు. ఆస్పత్రిలో రెండు రోజులు నీ మంచం పక్కనే కూర్చున్నాను కదా, నాతో ఒక్క మాట ఎందుకు అనలేదక్కా?