సర్కస్ పిల్లకు మా బాపమ్మ తీసిన దిష్టి

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ కోపం మా బాపమ్మకు, అంటే మేం బాపు అని పిలిచే మా నాన్న వాళ్లమ్మకు. ఆమె తర్వాత నాకే. ఏడో తరగతి చదువుతున్న ఆ ఏడాది నా కోపానికి గట్టి కారణమే ఉంది. పై చదువుకు హైస్కూలుకు పంపనని బాపు తేల్చేశాడు. అక్కడ మగపిల్లలు కూడా ఉంటారట.

ఆ రోజుల్లోనే ఆదిలాబాద్‌లో విదేశీ సర్కస్ దిగింది. బాపు రెండుసార్లు చూసొచ్చాడు. చూసొచ్చి, అన్నం ముందు కూర్చుని తిట్టాడు. "గా తెల్లోళ్లకు సిగ్గు శరం లేదు. ఈడొచ్చిన పిల్లను గంతమంది ముంగట ఎగిరిపిస్తుండ్రు. ఆడపిల్లను బయటికి తోలితే గట్లనే అయితది" అని నావైపు చూశాడు. నాకు ఒళ్లు మండింది. బాపు మీద ఎంత మండిందో, నా బడికి అడ్డొచ్చిన ఆ ముక్కూ మొహం తెలియని పిల్ల మీదా అంతే మండింది. బాపమ్మయితే కొడుకు మాట నమ్మి ఆ పిల్లతో పాటు దాన్ని కన్నతల్లిని కూడా కలిపి తిట్టింది.

వారం తర్వాత పత్తి బండి మీద ముగ్గురం ఆదిలాబాద్ పోయాం. జిన్నింగ్ మిల్లు ముందు బండ్ల వరుస ఎంతకీ కదలడం లేదు. బాపు బండి నీడన కునుకు తీస్తుంటే బాపమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పా, గా సిగ్గులేనిదాని మొఖం ఎట్లుంటదో చూసొద్దాం." పగటి ఆటకు పోయాం. తిట్టడానికే పోయాం.

ఉయ్యాల ఎక్కిన పిల్లకు నాకంటే రెండేళ్లు ఎక్కువ ఉంటాయేమో. మోకాలికి పట్టీ కట్టి ఉంది. ఎగిరింది, అవతలి ఉయ్యాల అందలేదు, కింద వలలో పడింది. మా వెనక మగవాళ్లు ఈలలు వేశారు. ఒకడు నోటితో చెప్పరాని మాట అన్నాడు. ఆ పిల్ల లేచి, అరచేతులకు తెల్లటి పొడి రుద్దుకుని, మళ్లీ నిచ్చెన ఎక్కింది. పైకి చేరేదాకా ఈలలు ఆగలేదు. ఈసారి అందుకుంది.

బాపమ్మ లేచి వెనక్కి తిరిగింది. "ఏందిరా, మీ ఇండ్లల్ల ఆడపిల్లలు లేరా? అది పానానికి తెగించి ఎగురుతుంటే మీకు కాళ్లే కనబడ్డయా?"

"ముసల్దానా, కూసో, ఆట కనబడ్తలేదు" అన్నాడు ఈల వేసినవాడు. బాపమ్మ కూర్చోలేదు.

ఆట అయ్యాక, గేటు దగ్గర మిర్చి బజ్జీలు వేసే ఆమెను అడిగి గుప్పెడు ఉప్పు, నాలుగు ఎండు మిరపకాయలు తీసుకుని డేరా వెనక్కి నడిచింది. పిల్ల అక్కడ పెట్టె మీద కూర్చుని మోకాలు ఒత్తుకుంటోంది. బాపమ్మ ఏమీ అడక్కుండా ఆమె తల చుట్టూ గుప్పిట తిప్పసాగింది. పిల్ల తల్లి పరుగున వచ్చి బాపమ్మ మణికట్టు పట్టేసింది. చేతబడి అనుకుందో ఏమో, ముఖం కందగడ్డయింది. బాపమ్మ విదిలించుకోలేదు. "గింతమంది కండ్లు పడ్డయి బిడ్డా" అని, పక్కకు తిరిగి థూ థూ థూ అంటూ మూడుసార్లు ఉమ్మింది.

ఆ తల్లి పట్టు సడలింది. తన ఎడమ భుజం మీదుగా తనూ అచ్చం అట్లాగే మూడుసార్లు ఉమ్మింది. వాళ్ల దేశంలోనూ దిష్టికి అదే చేస్తారు కాబోలు. తర్వాత కూతురి తలను బాపమ్మ గుప్పిట కిందికి తనే వంచింది.

మిల్లుకు తిరిగి వచ్చాం. బాపును చూడగానే బాపమ్మ అందుకుంది. "రెండుసార్లు పోయి కండ్లప్పగించి చూసినోనివి నువ్వు. సిగ్గు గా పిల్లకు లేదంటవా? నా మనుమరాలు బడికి పోతది. చూసేటోళ్ల కండ్లు మంచిగ లేకుంటే ఆళ్లను ఇంట్ల కూసోపెట్టు!"

బండ్లవాళ్లంతా వింటున్నారు. బాపు తల ఎత్తలేదు. "సరే తియ్యే అవ్వా, పోనీ. జర మెల్లగ మాట్లాడు."

అట్లా నాది పదో తరగతి అయింది. పెళ్లి, పిల్లలు, మనవలు అయ్యాక, అరవై దాటి దూరవిద్యలో చేరాను. నిన్ననే ఫలితాలు వచ్చాయి. మా వంశంలో మొదటి డిగ్రీ నాదే! వాడకట్టంతా తిరిగి చెప్పొచ్చాను, ఇంకా తనివి తీరలేదు. పరీక్ష హాలులో నా వెనక ఒకడు, "గీ ముసలామెకు గిప్పుడు డిగ్రీ ఎందుకో" అని కిసుక్కున నవ్వాడు. నేను రాస్తున్నది ఆపి, వెనక్కి తిరిగి, వాడు కళ్లు దించుకునేదాకా చూశాను. ఆ తర్వాతే మిగతా జవాబు రాశాను.