చదివేసిన కాగితం

మొన్న రాజాం నుంచి మా మేనత్త కొడుకు వచ్చి, పాత ఇల్లు పడగొడుతూంటే అటక మీద దొరికిందంటూ ఒక లావుపాటి పుస్తకం నా చేతిలో పెట్టి వెళ్లాడు. అచ్చులో వచ్చిన పుస్తకం కాదు, వారపత్రికలోంచి ఒక సీరియల్ పేజీలు వారం వారం చింపి, వరసగా పేర్చి కుట్టుకున్నది. మన వయసువాళ్లకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు, అలాంటివి ఎవరింట్లో లేవు గనక. కాకపోతే మీ ఇళ్లలో పురికొసతో కుట్టి ఉంటారు, ఇది వల నేసే దారంతో కుట్టింది. అట్ట అంటించింది చింతపిక్కల గంజితో. నమ్మితే నమ్మండి, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ ఎండు నెత్తళ్ల చేపవాసనే. పక్కనున్న మా మనవరాలు ముక్కు మూసుకుంది. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

అరవైల చివరి మాట. మాది కళింగపట్నం, సముద్రం మీద బతికే కుటుంబం. నాన్న చెల్లెలైన మా అత్త అయిదో తరగతితో చదువు ఆపేసినా, మా వీధి ఆడవాళ్లందరిలోకీ చదవడం వచ్చింది ఆమె ఒక్కతెకే. మా ఊరి షావుకారుగారింట్లో అందరూ చదివేశాక ఆ వారపత్రిక మా ఇంటికొచ్చేది. మా వీధిలో ఒక పద్ధతుండేది. పడవలొచ్చి, చేపలు పంచుకుని, ఇసకలో ఆరబోశాక ఆడవాళ్లంతా వంగుని వాటిని తిరగేస్తూంటే, మా అత్త మొగలిపొదల నీడలో కూర్చుని సీరియల్ పైకి చదవాలి, ఆమె వాటా చేపలు మిగతావాళ్లు తిరగెయ్యాలి. కాకుల్ని తోలడం మాత్రం ఆమె పనే. అందుకని ఒక చేతిలో పత్రిక, రెండో చేతిలో వెదురుగడ. కథానాయకుడు ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నాడో లేదో సరిగ్గా అప్పుడే ఒక కాకి వాలేది, అత్త గడ విసిరి దాన్ని నానా తిట్లూ తిట్టి, మళ్లీ అదే గొంతుతో ఆ చెయ్యి దగ్గరే అందుకునేది. ఇప్పటికీ ప్రేమఘట్టం చదివితే నాకు మధ్యలో కాకి గుర్తొస్తుంది.

ఇంతలో అత్తకి పెళ్లి కుదిరింది. రాజాంలో ఎండుచేపల దుకాణం ఉన్నవాళ్లు, కలిగినవాళ్లే, కాని ఆ ఇంట్లోకి కాగితమంటూ వచ్చేది పొట్లాలు కట్టడానికే. అందరూ సంబరపడుతూంటే అత్త బెంగంతా ఒక్కటే, కథ ఇంకా సగంలోనే ఉంది. అందులో అమ్మాయి పెద్ద కాపురంలో చిక్కుకుపోయి, ఉద్యోగానికి దూరదేశం పోయిన మొగుడి కోసం ఎదురుచూస్తూ జ్వరంతో మంచాన పడింది. అది బతుకుతుందో లేదో తెలియకుండా తను అత్తారింటికి ఎలా వెళ్లడం? అందుకని నన్ను కూర్చోబెట్టి పైకి చదవడం నేర్పింది. నేనప్పుడు అత్త చదువు ఆగిన ఆ అయిదో తరగతిలోనే ఉన్నాను.

"గాలికి ఎదురుగా సదవకే, నీ మాట నీకే తిరిగొచ్చీస్తాది. ఆల్లకి ఇనపడాలంటే గాలికి ఈపు తిప్పి సదువు" అనేది. తరవాత నేను పంతులమ్మనై ఇన్నేళ్లు పాఠాలు చెప్పానంటే అదంతా ఆ ఇసకలో నేర్చిన విద్యే.

అత్త వెళ్లిపోయాక గడా, పత్రికా నా చేతికొచ్చాయి. నేను చదివేసిన పేజీల్ని చించి ఇస్తే, రాజాం సంతకి ఎండుచేపలు పట్టుకెళ్లే మా నాన్నమ్మ తట్టలో అడుగున పెట్టుకుని కూతురికి అందించేది. అత్త ముందు వాళ్లమ్మ మొహం చూసేదో, తట్ట అడుగు చూసేదో దేవుడికే తెలియాలి. ఆ పేజీలే ఆమెకి పుట్టింటి కబురు, తనతో తీసుకెళ్లిన మొదటి సగంతో కలిపి కుట్టి దాచుకునేది.

చివరి భాగం వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మొగుడు దిగిన రైలు ఇంకా స్టేషన్లో ఉండగానే ఆ పిల్ల ప్రాణం పోయింది. చేపలు తిరగేస్తున్న చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి, కాకుల్ని తోలాలని కూడా నాకు తోచలేదు. నాన్నమ్మకి ఏడుపు కంటే కోపమే ఎక్కువొచ్చింది. "అంత సక్కటి పిల్లని సంపీడానికి ఈడికి సేతులెలాగొచ్చినాయి" అని ఆ రాసినాయన్ని పొద్దు గూకేదాకా తిడుతూనే ఉంది.

బడికి సెలవులవడంతో ఆ వారం రాజాం సంతకి నేనూ వెళ్లాను. బేరం బాగా సాగింది, పొట్లాలు కట్టే అడ్డాకులు అయిపోయాయి. నేను చూస్తూండగానే నాన్నమ్మ తట్ట అడుగునుంచి ఆ చివరి పేజీలు లాగి, ఎవరికో నెత్తళ్లు పొట్లం కట్టి ఇచ్చేసింది. అవి అత్తవని నేను గోలపెడితే వింతగా చూసింది.

"సదివీసినాం కదే. ఇంకేటుంటాది దాన్లో?"

ఆమె లెక్కకి కథ ఉండేది గొంతులో. పైకి చదివేశాక మిగిలిన కాగితం రొయ్య తీసేసిన పొట్టులాంటిది. ఇన్నాళ్లూ కూతురికి ఆ పొట్టు ఎందుకు మోసుకెళ్లిందో ఏమో, అడిగిందనే కాబోలు. నేను మాత్రం అత్త మొహం ఎలా చూడాలా అని సంత నుంచి ఆమె ఇంటిదాకా ఏడుస్తూ నడిచాను.

అత్త గుమ్మంలోకి వచ్చింది. పెళ్లినాటి మనిషి కాదు, సగమైపోయింది, కళ్ల కింద నల్లబడింది. తట్టకేసి చూసి, అడుగున ఏమీ లేకపోయేసరికి గొంతు తగ్గించి అడిగింది. "కత అయిపోనాదా? ఏటయినాది దానికి?"

నాన్నమ్మ కూతుర్ని పైనుంచి కిందకి ఒక్కసారి చూసింది. "బతికినాది" అంది. "మొగుడొచ్చి తన సేత్తో సోడంబలి కాసి ఇచ్చినాడు. జొరం దిగిపోనాది. గటగటా తాగీసి లేచి కూకుంది."

నేను నోరు తెరవబోయాను. తొడ మీద గిల్లింది చూడండి, ఆ మంట ఇప్పటికీ ఉంది. అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఆ రాగి అంబలి సంగతి మళ్లీ చెప్పించుకుంది. వీధిలోకొచ్చాక నాన్నమ్మ నాతో అన్నదొకటే. "కొత్తకోడలి గుమ్మంలో సావుకబురు సెప్తారేటే?"

నాన్నమ్మ పోయి, నాకు ఉద్యోగమొచ్చి, అత్త ఆ ఇంటికి పెద్దదిక్కయ్యాక ఒకనాడు అసలు ముగింపు ఆమెకి చెప్పెయ్యాలనిపించింది. నా మాట పూర్తవనే లేదు, పకపకా నవ్వింది.

"ఆ దినమే తెలిసిపోనాదే నాకు. పొద్దున్నే కాపీ తాగే పిల్ల సోడంబలి తాగుతాదేటి? అది మాయమ్మ కతే" అంది. కాసేపటికి నవ్వాపి, "అయినా ఆ యేడు నాను బతికింది ఆ అంబలి మీదే" అంది. ఆ ఇంట్లో ఆమెకి మొదటి ఏడు ఎలా గడిచిందో నాకు ఆ ఒక్క మాటతోనే తెలిసింది.

ఈ కాలం మీద నాకు ఫిర్యాదేమీ లేదు. కావలసిన కథ అరచేతిలోకి వస్తుంది, ఒక్క పేజీ పోదు, చేపల వాసన రాదు. ఎవరికి వాళ్లం నోరు మెదపకుండా చదువుకుంటున్నాం. కాని ముందు మన మొహం చూసి, ఆ తరవాత కథ చెప్పే మనిషి మధ్యలో లేకుండా పోయింది.

మా మనవరాలు ముక్కు మీంచి చెయ్యి తీసి పుస్తకం తిరగేసింది. చివర పేజీలు లేవేమిటి, ఆ అమ్మాయి ఏమైందని అడుగుతూనే ఫోను చేతిలోకి తీసుకుంది, వెతికితే దొరుకుతుందని. అది వెతికేలోగా చెప్పేశాను, మొగుడొచ్చాడనీ, అంబలి కాచి ఇచ్చాడనీ, తాగి లేచి కూర్చుందనీ.